షట్టర్ వెనక బూట్ లోడర్

నా చిన్నప్పుడు, ఇంటింటికీ ఇంటర్నెట్ రాని రోజుల్లో, మా పిన్ని గాజువాకలో చిన్న నెట్ సెంటర్ నడిపేది. మధ్యాహ్నం దుమ్ము రాకుండా షట్టర్ సగానికి దించేది. వేసవి సెలవుల్లో ఒకరోజు అలా దించుతుంటే అది చేయి జారి కిందిదాకా పడి, ఇరుక్కుపోయింది. లోపలున్న పిన్నీ నేనూ కలిసి ఎత్తినా కదల్లేదు. పిన్ని ఫోన్ చేస్తే, షట్టర్లు బాగుచేసే అతను తగరపువలసలో ఉన్నానని, సాయంత్రానికి గాని రాలేనని చెప్పాడు.

ఆ గదికి కిటికీ లేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉన్నా నాకు గాలి అందడం లేదనిపించింది. రెండు చేతులా షట్టర్‌ను బాదాను. పక్క కొట్లవాళ్లు భోజనాలకు వెళ్లిపోయారు; బయట లారీల మోత తప్ప ఏమీ లేదు. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లతో నాకు ఊపిరి ఆడలేదు.

పిన్ని నన్ను కాసేపు పొదివి పట్టుకుంది. తర్వాత మూలనున్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో టైపు చేసి, ఆపి, మళ్లీ ఆన్ చేసింది. నల్లటి తెర మీద ఒక్క వాక్యం మిగిలింది.

"అయ్యో, బూట్ లోడర్ పోయిందమ్మా! కంప్యూటర్ని నడిపే లినక్స్ లోపలే ఉంది గానీ దాన్ని లేపేది లేదు. ఇలా రా, నాకు అచ్చరాలు ఆనట్లేదు. ఏటి రాసుందో సదువు."

కళ్లు తుడుచుకుని చదివాను. పిన్ని ఒక సీడీ పెట్టి, దాంతో కంప్యూటర్‌ను లేపింది. లినక్స్ డిస్కులో ఏ భాగంలో ఉందో వెతకాలి. ఆమె ఒక్కో భాగం తెరిచేది, నేను పేర్లు చదివేదాన్ని. ఒకదాంట్లో ఏమీ లేదు. ఇంకోదాంట్లో అన్నీ పాటలే. ఆ తర్వాతిదాంట్లో 'బూట్' అన్న పేరు కనిపించగానే గట్టిగా అరిచాను. బూట్ లోడర్‌ను తిరిగి ఎక్కించే ఆదేశం మాత్రం నా చేతే కొట్టించింది. ఒక అక్షరం తప్పు పడితే కసరలేదు, మళ్లీ కొట్టమంది. సీడీ తీసి ఆన్ చేస్తే, తెర మీద లినక్స్ పేరు వచ్చింది. షట్టర్ సంగతి నాకు అప్పటికి గుర్తే లేదు.

సాయంత్రం అతనొచ్చి షట్టర్ ఎత్తాక, పిన్ని మెట్టు మీద కూలబడింది. గ్లాసెడు నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

"ఆ బూట్ లోడర్ ఎందుకు పోయింది పిన్నీ?" అని అడిగాను.

"నానే సెరిపేసాను. నీకేదో పని సూపించాలి కదా." ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "నాకూ కావాలమ్మా. మూసేసిన గదంటే నాకు సిన్నప్పట్నించీ పేణం పోతాది" అంది.

మొన్నామధ్య రుషికొండలో ఒక ఆఫీసు లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. నాతో ఉన్న కుర్రాడి ముఖం పాలిపోయింది. నా అరచేతులూ తడిసిపోయాయి.

"బాబూ, గోడ మీదున్న ఆ నంబరు కాస్త చదివి పెట్టవా? నాకు ఆనడం లేదు" అన్నాను.

అతను ఒక్కో అంకే చదువుతుంటే నేను ఫోన్లో నొక్కుతూ పోయాను. నిజానికి ఆ అంకెలు నాకు శుభ్రంగా కనిపిస్తున్నాయి.