తోలులాంటిదంటే ఏ తోలు?

మా బాబాయి ముప్పై ఏళ్లుగా ఇంటి గుమ్మం ముందు, ఎండలోనే కూర్చుని చెప్పులు కుడతాడు. నేనేమో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేసే ఆఫీసులో మూడు నెలల పరీక్ష మీద చేరాను. అక్కడొక పద్ధతుంది. మనం చీటీ మీద తెలుగులో రాసిన అర్థాన్ని ఇంగ్లీషు రాని వాచ్‌మన్‌కి చదివి వినిపిస్తే, బల్లమీది వస్తువుల్లోంచి దానికి తగినది ఆయన తీయాలి. తీయలేకపోతే చీటీ వెనక్కి. నావి అప్పటికే రెండు వెనక్కొచ్చాయి. మూడోదీ వస్తే ఇంటికే.

నాకు తగిలిన మాట ‘లెదరీ’. ఇదేం బ్రహ్మవిద్యా అనుకుని ‘తోలులా గట్టిది’ అని రాసి బాబాయికి చదివాను.

“ఏ తోలు?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన వాదించకుండా పొట్ట తోలు ముక్కా, వీపు తోలు ముక్కా ఇచ్చి వంచమన్నాడు. పొట్టది మెత్తగా సాగింది. వీపుది మొండికేసింది గానీ విరగలేదు. గట్టిదంటే రాయీ గట్టిదేనని, వంగినా విరగనిది, లాగినా చిరగనిది అని రాయమని చెప్పాడు. దళసరి ఆకునీ, ఎక్కువ వేగిన ఆమ్లెట్‌నీ కూడా ఆ మాటే అంటారని నేను చెబితే పిన్ని వైపు చూసి నవ్వాడు. పిన్ని అట్లకాడ చూపించింది.

మర్నాడు వాచ్‌మన్ తడుముకోకుండా దళసరి ఆకు తీశాడు. చీటీ నెగ్గింది. సాయంత్రం ఎగురుకుంటూ వచ్చి బాబాయికి మొత్తం చదివాను. చివర్న, ముఖం గురించి వాడితే ‘ముదిరి వికారంగా ఉన్న’ అని రాసి ఉంది.

బాబాయి చెంప తడుముకున్నాడు. “ఎండలో పనిచేసినోడి ముఖం అమ్మా. వికారం ఎందుకవుతుంది?”

సిగ్గుతో చచ్చిపోయాను. రాసేటప్పుడు ఆయన ముఖం నాకు గుర్తే రాలేదు.

పొద్దున్నే ఎడిటరు గారి దగ్గరికెళ్లి ఆ చీటీ వెనక్కివ్వమన్నాను. అలా చేస్తే మూడోదీ పోయినట్టే లెక్క, తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. వికారాన్ని కొట్టేసి కొత్తది రాసిచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి, సోమవారం నుంచి నాకిక పరీక్ష లేదు, ఉద్యోగం ఖాయమన్నారు.

ఇంటికొచ్చి బాబాయికి వినిపించాను: “ఎండకీ గాలికీ ఓర్చి గట్టిపడిన ముఖం.”

సూది పక్కన పెట్టి, ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

“పిన్నిని పిలు. ఆవిడ కూడా వినాలి” అన్నాడు.