కాటా ఎక్కిన ఏసుపాదం గారు

రేపల్లెలో బసవేశ్వరరావు గారి రైసుమిల్లులో ఏసుపాదం గారు ఇరవై ఆరేళ్లుగా కాటా గుమాస్తా. రైతులు దింపిన ధాన్యాన్ని తూచి, అంకె పైకి చదవడం ఆయన ఉద్యోగం. ధాన్యం తడిగా ఉంటే తరుగు కొట్టడం, అంటే రేపు ఎండి తగ్గబోయే బరువును ఇవాళే తూకంలోంచి తీసేయడం కూడా ఆయన పనే. తరుగు విషయంలో ఈ భూమ్మీద ఎవరూ ఎవరినీ నమ్మరు. ఏసుపాదం గారిని మాత్రం నమ్మేవారు. ఆయన నాలుగు గింజలు పళ్లమధ్య కొరికి, కళ్లు మూసుకుని, "బస్తాకి కిలోన్నర" అన్నారంటే రైతూ మాట్లాడేవాడు కాదు, యజమానీ మాట్లాడేవాడు కాదు. లూథరన్ చర్చిలో ఆయన సంఘపెద్ద. వాక్యం చదివినా తూకం చదివినట్టే ఉండేది.

1988 ఫిబ్రవరిలో ఆయన మోకాళ్లు తిరగబడ్డాయి. తెనాలి డాక్టరు గారు ఆయన్ని తూచి తొంభై ఎనిమిది కిలోలని తేల్చారు. పదమూడు కిలోలన్నా దించమన్నారు, లేదా నిలబడి చేసే పని మానమన్నారు. బసవేశ్వరరావు గారు దయగల మనిషి కావడంతో ప్రమాదం ఇంకా పెరిగింది. డిసెంబరులో కొత్త ధాన్యం వచ్చేనాటికి ఎనభై అయిదుకు దిగితే సరే, లేకపోతే ఆఫీసు గదిలో కుర్చీ వేయిస్తాననీ, కాటాని ఆయనకి సాయంగా ఉండే కుర్రాడు సీమోనుకి అప్పగిస్తాననీ అన్నారు. కుర్చీ కోసం కొట్టుకుచచ్చే ఈ లోకంలో, కుర్చీ పేరు వినగానే ముద్ద దిగనివారు ఏసుపాదం గారొక్కరే. అయితే అది ఒక్క పూటే.

బాపట్లలో శ్రీరామచంద్రమూర్తి గారని రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరర్ ఒకరు ఆకులూ కూరలతో ఒళ్లు తగ్గిస్తారని విని, ఏసుపాదం గారు బస్సెక్కి వెళ్లారు. లెక్చరర్ గారు ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి రెండు కాగితాలు రాసిచ్చారు. మొదటి కాగితంలో సిద్ధాంతం: నేలలోంచి మొలిచిందే తినాలి, నడిచేదీ ఈదేదీ ఎగిరేదీ, వాటి పాలూ గుడ్లూ వద్దు. ఏసుపాదం గారు ఇంటికొచ్చి దాన్ని భార్య ప్రమీల గారికి నిలబడి చదివి వినిపించారు. రెండో కాగితం ఉత్త వివరాలేనని మడిచి బైబిల్లో పెట్టారు.

సిద్ధాంతాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటించారు. ఆదివారం కోడి పోయింది, చేపల పులుసు పోయింది. రొయ్య సంగతి ఒక రోజంతా ఆలోచించి, అది మొక్క కాదని న్యాయంగానే తేల్చుకున్నారు. ఆ లోటు పూడ్చడానికి నూనె తేలే గోంగూర, పులిహోర, వేయించిన వేరుసెనక్కాయలు, తాటిబెల్లం, కొల్లూరు లంకల అరటిపళ్లు డజన్ల కొద్దీ వచ్చాయి. అన్నం కూడా నేలలోంచి మొలిచిందే గనక మూడోసారీ వడ్డించుకున్నారు.

"చేపలు మానేసి చెరువంత అన్నం తింటే ఎట్టా తగ్గుతారండి?" అన్నారు ప్రమీల గారు.

ఈస్టరు వెళ్లేసరికి కాటా నూటొకటి చూపించింది.

అప్పుడాయన చేసిన పని ఆ వృత్తిలో ఉన్నవారికి తప్ప మరొకరికి తోచదు. శనివారం మధ్యాహ్నం కూలీలు అన్నాలకు వెళ్లాక ఒంటరిగా కాటా ఎక్కి, తనకు తానే తరుగు కొట్టుకోవడం మొదలుపెట్టారు. చెప్పులకీ తాళాలగుత్తికీ కిలో. చెమట పట్టిన చొక్కాకి అర. అప్పుడే తాగిన మంచినీళ్లకి ఒకటి. ఎండాకాలం గనక ఒంట్లో తేమకి మూడు. జూన్ నాటికి ఆయన పుస్తకంలో తొంభై అయిదున్నర ఉంది. పంచె కట్టే మనిషి గనక ప్యాంటు బొత్తాం వచ్చి ఎదురుసాక్ష్యం చెప్పే భయం లేదు.

అలవాటు కొద్దీ అంకెలు పైకి చదవడమే కొంప ముంచింది. దాళ్వా, అంటే రెండో పంట ధాన్యంలో మిగిలిన రెండు బస్తాలు తెచ్చిన పున్నమ్మ జూన్‌లో ఒక శనివారం ఆయన వెనకే నిలబడి ఉంది. అరెకరం కౌలు చేసే మనిషి, పదిహేనేళ్లుగా ఆయన దగ్గరే తూయించుకుంటోంది.

"ఎవరి ధాన్యం తమ్ముడూ అది?"

"ధాన్యం కాదక్కా. నేనే."

పున్నమ్మ నవ్వలేదు. "మరి మా బస్తాలక్కూడా ఇట్టాగే కొడుతున్నావా?"

ఆయన కాటా దిగారు. ఆమె బస్తాలు తూచారు. పదిహేనేళ్లలో మొదటిసారి పున్నమ్మ వంగి కాటా ముల్లు చూసింది. ఆ చూపు మోకాళ్ల నొప్పిని మించిపోయింది.

ఆ సాయంత్రం రెండో కాగితం బైబిల్లోంచి బయటికొచ్చింది. పగలు రెండు గరిటెల అన్నం, రాత్రి ఒక జొన్నరొట్టె, నూనె మూడు చెంచాలు, అరటిపండు ఒకటి, సొరకాయా బీరకాయా ఆకుకూరలూ కడుపునిండా, పొద్దున్నే గంట నడక. ఏసుపాదం గారు సోమవారం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. శనివారం సీమోనుని పిలిచి, తనను అతనే తూచాలనీ, అంకె మిల్లంతా వినబడేటట్టు చదవాలనీ చెప్పారు.

"నూటరెండు," అని చదివాడు సీమోను.

"ఇంకో పదిన్నర కలిపితే బస్తాన్నర సరిపోద్ది బాబాయ్," అన్నాడు డెబ్బై అయిదు కిలోల బస్తాలు మోసే కోటయ్య.

ఆర్నెల్లు అలాగే సాగింది. కొల్లూరులో మేనకోడలి పెళ్లికి ఆయన టిఫిన్ క్యారియరులో సొరకాయ కూర పట్టుకెళ్లి, పెళ్లివారి కోపాన్ని శాంతంగా భరించారు. తోడుగా అదే తిన్న ప్రమీల గారు ఆయనకంటే ముందే సన్నబడ్డారు. దాన్నీ భరించారు.

డిసెంబరు మొదటి శనివారం బసవేశ్వరరావు గారు స్వయంగా కాటా దగ్గరికొచ్చారు. బయట కొత్త ధాన్యం బళ్లు వరసకట్టి ఉన్నాయి. ముందున్నది పున్నమ్మ బండి. సీమోను ముల్లు చూసి, ఆగి, చదివాడు.

"ఎనభై ఆరుంబావు." తర్వాత గొంతు తగ్గించాడు. "చెప్పులూ తాళాలూ తీసేస్తే ఎనభై అయిదే కదండి."

"చదివిందే రాయి," అన్నారు ఏసుపాదం గారు.

బసవేశ్వరరావు గారు మాట తప్పని మనిషి. దానివల్ల ఆయనకు ఇబ్బంది కలగడం అదే మొదలు. ఆయన ఏదో అనబోయేలోగా పున్నమ్మ ముందుకొచ్చింది.

"బాబుగారూ, నా బస్తాలు తమ్ముడే తూచాలి. ఆ కిలోంబావు నా ధాన్యంలో కొట్టుకోండి."

"అట్టా కుదరదక్కా," అని ఏసుపాదం గారు కాటా దిగి, బస్తాలోంచి నాలుగు గింజలు తీసి కొరికారు. "బస్తాకి కిలో."

పచ్చి ధాన్యం రెండో కాగితంలో లేదు గనక ఉమ్మేశారు.

"వచ్చే శనివారానికి ఆ కాస్తా దింపెయ్," అని బసవేశ్వరరావు గారు లోపలికి వెళ్లిపోయారు.

ఏసుపాదం గారు తూకం చదవడం మొదలుపెట్టారు. పున్నమ్మ కాటా వైపు వంగలేదు. ఎద్దులకు గడ్డి వేస్తూ వాటివైపే తిరిగి నిలబడింది.