ఐదో తలుపు దగ్గరి ఏడుపు

మా అమ్మమ్మ కళ్ళు మూసుకుని సినిమా చూస్తుంది. ముసలితనం వల్ల కాదు, ఉద్యోగం వల్ల. ముప్పై ఏళ్ళు డబ్బింగ్ థియేటర్లో గుంపు గొంతుగా పనిచేసింది. తెర మీద జనం పారిపోతుంటే మైకు ముందు నిలబడి "అమ్మో, అయ్యో" అని అరిచే పదిమందిలో ఒకతె. బొమ్మ చూస్తే గొంతు వినపడదని ఆమె సిద్ధాంతం. "అలాంటప్పుడు రేడియో పెట్టుకుంటే సరిపోయేదిగా" అని నేనంటే మొట్టికాయ పడేది.

ఆమె వదలకుండా చూసే సినిమాలు ఒకే వరస: 'ఏడు తలుపుల కోట'. నలభై ఏళ్ళలో నాలుగు భాగాలు వచ్చాయి. భాగానికొక తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకున్నప్పుడల్లా లోపల రాయిగా మారిన రాణి ఏడుస్తుంది. ఆ ఏడుపు మా అమ్మమ్మది. మొదటి భాగం కోసం ఒక్కసారి ఏడ్చింది. తర్వాతి మూడింటిలోనూ అదే ఏడుపును తెచ్చి అతికించారు.

ఏడుపు చివర "గువ్వా" అని వినిపిస్తుంది. అది రాణిగారి మంత్రభాష అని జనం నమ్మారు. నేనూ నమ్మాను. మూడో భాగం ఇంటర్వెల్లో అమ్మమ్మ అసలు సంగతి చెప్పింది. గువ్వ మా అమ్మకు అక్క. తొమ్మిదో ఏట రెండు రోజుల జ్వరంతో పోయింది. నాకన్నా చిన్నదైన పెద్దమ్మ. ఆ పిల్ల పోయిన నాలుగో నెలలో అమ్మమ్మను మైకు ముందు నిలబెట్టి, మాటలు లేకుండా ఏడవమన్నారు. ఏడుస్తూ ఏడుస్తూ పేరు పెట్టి పిలిచేసింది. "ఏడుపులో మాట పడిందమ్మా, మళ్ళీ చేద్దాం" అన్నాడట సౌండ్ ఇంజినీరు. ఆమె వల్ల కాలేదు. అలాగే ఉంచేశారు.

ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. "ఈ ఇంట్లో ఆ పేరు వద్దు" అని తాతయ్య ఎప్పుడో ఒక్కసారి అన్నాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఒకసారి బిగించిన బోల్టు జోలికి మళ్ళీ పోడు. ఫోటో లేదు, గౌను లేదు. వీధిలో పిల్లలు రాణి ఆట ఆడుతూ "గువ్వా" అని అరిస్తే లేచి కిటికీ మూసేసేవాడు. ఆయన పెరట్లోకి వెళ్ళగానే అమ్మమ్మ తెరిచేది. మా ఇంట్లో మిగతా కిటికీలన్నీ కొత్తగా ఉండి, అదొక్కటే అరిగిపోవడానికి కారణం ఇదీ.

అలా ఆ పేరు పెద్దగా, నోరారా వినిపించే చోటు సినిమా హాలు ఒక్కటే మిగిలింది. ఐదో భాగం పోస్టర్ పడిన రోజు నుంచి అమ్మమ్మకు ఒకటే గుబులు.

"ఉంచి ఉంటారంటావా?"

"రాణి ఉంటే ఏడుపుంటుంది. ఏడుపుంటే నువ్వుంటావు. నీ అంత చక్కగా ఏడ్చేవాళ్ళు ఇంకెవరున్నారే?"

"ఏమో, రోజులు మారిపోయాయి" అనేది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న.

మ్యాట్నీకి వెళ్ళాం. లైట్లు ఆరగానే కళ్ళు మూసుకుంది. టార్చి పట్టుకున్నతను వంగి చూసి, "మామ్మగారూ, సినిమా మొదలైంది, లేవండి" అన్నాడు.

"తెలుసు నాయనా. నీ చెప్పులు కిర్రుమంటున్నాయి, అవతలికి నడు."

సినిమా ఎలా ఉందంటే, రెక్కల గుర్రం బాగుంది, నిప్పులు కక్కే పాము ఇంకా బాగుంది. హీరోకు ఈ నలభై ఏళ్ళలో పెరిగిన పొట్ట చూస్తే కోట తలుపులు వెడల్పు చేయించినట్టున్నారు. కథ మాత్రం నాలుగో భాగాన్నే ఉతికి ఆరేసినట్టుంది. అమ్మమ్మ లెక్క వేరు. "ఆ కత్తులు కత్తులు కావు, స్టీలు గరిటెలు" అని గొణిగింది. "పాముకు బుస కొట్టినవాడికి జలుబు చేసింది."

ఐదో తలుపు కదిలింది. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

రాణి ఏడ్చింది. సన్నటి, తీయటి, కొత్త గొంతు. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. ఏడుపు సాగి సాగి, పలచబడి, ఆగిపోయింది. చివర పేరు లేదు.

నా చేతిలోంచి ఆమె చెయ్యి మెల్లగా జారిపోయింది.

బయటికి వచ్చాక ఆమే చెప్పింది.

"ఎవరో గానీ బాగా ఏడ్చింది. గొంతులోంచి కాదు, కడుపులోంచి వచ్చింది. మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకుందో నాకే అంతుపట్టలేదు." నాలుగడుగులు వేశాక, "ఇక దాన్నెవరూ పిలవరు" అంది.

"పాత భాగాలు నా ఫోన్లో పెడతాను అమ్మమ్మా. రోజూ వినొచ్చు."

"జేబులోంచి పిలిస్తే దానికేం వినపడుతుంది? అంత దూరం పోయినదాన్ని గట్టిగా పిలవాలి."

ఇంటికొచ్చేసరికి తాతయ్య వరండాలో టేబుల్ ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నాడు. ఎక్కడికెళ్ళారని అడగలేదు. అమ్మమ్మ చెప్పులు విడవకుండానే, "తీసేశారు" అంది.

"తెలుసు" అన్నాడు తాతయ్య, తలెత్తకుండా. "మొన్న ఉదయం ఆటకు వెళ్ళాను."

"మీరా?"

"ముందువి నాలుగూ చూశాను. ఒక్కోటి ఎన్నిసార్లని అడక్కు."

"నీకు సినిమా అంటే తలనొప్పి కదా తాతయ్యా!" అన్నాను.

"తలనొప్పే."

ఇక అమ్మమ్మ పేలుతుందనుకున్నాను. ఇన్నేళ్ళు నోరు కట్టేసిన మనిషి, దొంగచాటుగా వెళ్ళి వినొచ్చాడా అని. కానీ అమ్మమ్మ వచ్చి ఆయన పక్కన కూలబడింది.

"నా గొంతు అయిపోయింది" అంది. "మీరు పిలవండి."

తాతయ్య ఫ్యాన్ రెక్కను చేత్తో ఒకసారి తిప్పి వదిలాడు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వీధి గుమ్మం దాకా వెళ్ళాడు. అప్పుడప్పుడే చీకటి పడుతోంది.

"గువ్వా!"

అది ఏడుపు కాదు. ఆటలో పడి ఇల్లు మరిచిన పిల్లను అన్నానికి పిలిచినట్టు పిలిచాడు. అందులో కాస్త విసుగు కూడా ఉంది.

వీధిలో పిల్లలు ఆట ఆపి ఇటు చూశారు. వాళ్ళలో ఎవరూ కదల్లేదు. ఎవరో ఒకరు పలకకపోతే బాగుండదనిపించి నేనే నోరు తెరిచాను. అమ్మమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

ఆమె ఇంకా వింటోంది.