నాయన కట్టిన స్పీకర్లు

పోయిన వారం మా గుడియాత్తం ఇంటి ముందుగదిలో టైల్స్ వేయడానికి వచ్చిన పనివాళ్ళు బీరువా జరిపారు, మంచం జరిపారు, కిటికీకి చెరోపక్క గోడవార కూర్చున్న రెండు ఎర్ర పెట్టెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయారు. ఇద్దరు పట్టి లాగారు, తర్వాత నలుగురు లాగారు, గడ్డపార తెచ్చి అడుగున సందు కోసం వెతికారు, సందంటూ ఉంటే కదా. వాళ్ళ మేస్త్రి నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇదేంది సార్, సమాధి మాదిరి ఉండాది? పగలగొట్టేస్తే సులువు" అన్నాడు. అవి పాటలు వినే స్పీకర్లయ్యా అంటే నమ్మలేదు. ఈ వయసులో ప్రతిదీ మొదటి నుంచీ వివరించి చెప్పాలంటే నాకు ఓపిక ఉండడం లేదు, అందుకని టీ తాగి రమ్మని వాళ్ళను పంపించి, ఆ పెట్టెల ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తొంభైల మొదట్లో నేను వేలూరులో, బజారు సందులో ఒక టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్లో పని చేసేవాడిని. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇల్లు చేరేవాడిని. అప్పుడప్పుడే సరుకుల మీద కట్టుబాట్లు సడలి, నల్లగా నిగనిగలాడే కొత్త మ్యూజిక్ సిస్టములు అంగళ్ళలోకి దిగుతున్నాయి. వాటి మోజులో జనం ఇళ్ళలో ఉన్న పాత సామానంతా వదిలించుకుంటుంటే మా కొట్టు పాతసామాన్ల గోదాములా తయారయింది. అట్లా ఒక రిటైరైన మాస్టారు వదిలేసి వెళ్ళినవే ఆ స్పీకర్లు. మోకాలెత్తు చెక్కపెట్టెలు, బయటి దేశంలో తయారైనవి, ముందు గుడ్డ తీసి చూస్తే లోపల శబ్దం పుట్టించే కాగితపు గరాటు చుట్టూ ఉండే, స్పాంజి లాంటి నురుగు పట్టీ వేలు తగిలితే పొడిపొడిగా రాలిపోతోంది. దోవకు అడ్డమని ఓనరు విసుక్కుంటే నేను ఇంటికి తెచ్చుకున్నాను. బస్సు పైకి ఎక్కించి, దించి, బస్టాండు నుంచి ఒకటొకటిగా మోసిన ఆ మోత తలుచుకుంటే ఇప్పటికీ నడుం పట్టేస్తుంది.

అంత కష్టం ఎందుకంటే, నాయన కోసం. మా నాయన తాపీమేస్త్రి. గోడ పూత అయిపోయాక తాపీ పిడితో తట్టి, కళ్ళు మూసుకుని విని, ఇక్కడ గుల్ల, ఇక్కడ గట్టి అని చెప్పేవాడు, ఆయన చెప్పింది తప్పడం నేను చూడలేదు. ఆ చెవులకు నాదస్వరం అంటే ప్రాణం. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళయినా సరే, సన్నాయి వినిపిస్తే పనిలోంచే వెళ్ళి, సున్నం చేతులతో పందిరి బయట నిలబడి డోలు దెబ్బలకు తొడ మీద తాళం వేసుకుంటూ వినేవాడు. మా ఇంట్లో మాట తెలుగు, రాత అరవం. నేను సైతం ఈ తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక, చిత్తూరు నుంచి వచ్చిన మా ఇంటావిడ దగ్గర నేర్చుకున్నవే. నాయనకు ఏ అక్షరమూ రాదు, ఆయన చదువంతా చెవుల్లోనే ఉండేది. అట్లాంటి మనిషికి చెవులు పోతూ వచ్చాయి. కంకర మిషను పక్కన, కాంక్రీటు కలిపే మిషను పక్కన ఇరవై ఏళ్ళు నిలబడితే ఎవరికైనా అంతే. వేలూరులో చెవి డాక్టరుకు చూపిస్తే, నరం ఎండిపోతోంది, ఎడమది దాదాపు పోయింది, కుడిదానిలో మిగిలిందీ మహా అయితే ఏడాది అన్నాడు. ఆ ఏడాది లోపల నాదస్వరాన్ని ఉన్నది ఉన్నట్టు ఒక్కసారి ఇంట్లో వినిపించాలని నాకు పట్టుదల పుట్టింది.

ఆదివారాలు ఆ పని మీదే కూర్చున్నాను. నురుగు పట్టీ మన వైపు దొరికేది కాదు. పేర్ణాంపట్టులో తోళ్ళ షాపులో పనిచేసే మా మామ ఉల్లిపొరంత పల్చటి మేకతోలు తెచ్చిస్తే, దాన్ని వలయాలుగా కత్తిరించి గరాటు అంచున అతికించాను. నిజం చెప్పాలంటే పాత పట్టీ కంటే అదే మెత్తగా ఆడింది. ఎండిపోయిన కెపాసిటర్లు తీసేసి మేలురకం వేశాను. ఇక మిగిలింది పెట్టెలు. వాటి పలకలు పల్చన, శబ్దం పెంచితే అవీ కలిసి అదిరేవి. పెట్టె అదరకూడదు నాయనా, ఎంత గట్టిగా ఉంటే పాట అంత శుద్ధంగా వస్తుంది, లోపల ఏదైనా దట్టించాలి అని ఆయన కుడిచెవి దగ్గర నోరు పెట్టి చెప్పి, మర్నాడు వేలూరు వెళ్ళిపోయాను.

మరుసటి ఆదివారం పొద్దున లేచి చూస్తే పెరట్లో రెండు పెట్టెల మీదా తడి గోనెసంచులు కప్పి ఉన్నాయి. నాయన చెంబుతో వాటి మీద నీళ్ళు చిలకరిస్తున్నాడు. పెట్టెల లోపల వలకంబి కొట్టి, సన్నపు ఇసుకతో, అద్దం లాంటి సిమెంటు పూత పూశాడు. పూసిన మనిషి పూతకు నీళ్ళు పెట్టకుండా ఉండగలడా? పొద్దునా సాయంత్రమూ తడుపుతూనే వచ్చాడు. కానీ ఆ పెట్టెలు అసలు చెక్కవి కావు, రంపపు పొట్టును అదిమి చేసిన అట్టలవి. అవి నీళ్ళు తాగి, టీలో ముంచిన బన్నులాగా ఉబ్బి, మూలలు విచ్చుకుని, పైపొర ఊడి వేలాడుతున్నాయి. నాయన మాత్రం నన్ను చూసి సంబరంగా, "పూత పూసినాక ఏడు దినాలు నీళ్ళు పెట్టల్లప్పా, లేకుంటే బీటలిస్తాది. రేపటితో సరి" అన్నాడు.

వారమంతా పని చేసి వచ్చిన అలసటో, వృథా అయిపోయిన నెలల మీద కడుపుమంటో తెలియదు. పక్కకు తిరిగి, ఆయన ఎడమచెవి వైపు, గొంతు పెంచకుండానే అన్నాను: "నీకు చెవులే గాదు నాయనా, బుద్ధి గూడా పోయింది."

ఆయన చెంబు ముంచుకుంటూనే ఉన్నాడు. వినపడలేదులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కన్నతండ్రి చెవిటితనాన్ని చూసి ఊరట పడిన కొడుకును నేనొక్కడినే అయి ఉంటాను.

ఆ తర్వాత మూడు నెలలు నేను ఆ స్పీకర్ల ఊసెత్తలేదు. ఆయన మాత్రం నన్ను అడక్కుండానే, ఉబ్బిన పెట్టెల కొలతలు దారంతో తీసుకుని, పలకలు బిగించి, ఏట్లోంచి తెచ్చి రెండుసార్లు జల్లించిన ఇసుకతో కొత్త పెట్టెలు సిమెంటులోనే పోత పోశాడు. గరాటు పట్టే గుండ్రానికి రంగుడబ్బా అచ్చు పెట్టాడు, గాలి పోయే రంధ్రానికి పైపు ముక్క పెట్టాడు. ఈసారి ఏడు కాదు, ఇరవయ్యొక్క దినాలు తడిపాడు. పైన గచ్చుకు వేసే ఎర్రరంగు వేసి, కొబ్బరినూనెతో రుద్ది నున్న చేశాడు. చివరికి, కట్టినదాన్ని ఊరికే నిలబెట్టడం చేతకాని మనిషి గనక, ముందుగదిలో నేలకు సిమెంటు వేసి కూర్చోబెట్టేశాడు.

నేను స్పీకర్లు బిగించి, వేలూరు నుంచి తెచ్చిన నాదస్వరం క్యాసెట్టు పెట్టిన రోజున ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. నా చేతులతో బాగుచేసినవాటిలో అంత శుద్ధమైన నాదం మళ్ళీ వినలేదు. డోలు గదిలోనే మోగుతున్నట్టుంది. కానీ నాయన మొహంలో ఏ మార్పూ లేదు. శబ్దం పెంచాను, ఇంకా పెంచాను. గూట్లో గ్లాసులు గలగలమన్నాయి, అమ్మ చెవులు మూసుకుంది. ఆయన మెల్లగా లేచి వచ్చి పెట్టె మీద రెండు అరచేతులూ ఆనించాడు. అది ఆయన కట్టిన పెట్టె, ఇసుమంత కూడా అదరదు. ఆ గట్టితనమే ఆయన చేతికి కూడా ఏమీ అందనివ్వలేదు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు ఆయన వంగి, కింద పైపు రంధ్రం ఎదుట చెయ్యి పెట్టాడు. డోలు మీద పడిన ప్రతి దెబ్బా గాలి అయి ఆ అరచేతిని తాకుతోంది. కాసేపటికి ఎడమచెయ్యి తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా. క్యాసెట్టు ఒకవైపు అయిపోయేదాకా అట్లాగే గొంతుక్కూర్చుని, లేస్తూ నా భుజం పట్టుకుని, చిన్నగా నవ్వి అన్నాడు: "చెవులు పోయినా బుద్ధి పోలేదు గదప్పా."

ఆ రోజు నా పెదవుల కదలిక చూశాడో, ఆ ఒక్క మాటే ఎట్లా చెవిన పడిందో, నేను అడగలేదు. తప్పయింది నాయనా అని ఎదురుగా నిలబడి చెప్పడానికి తర్వాత చాలా ఏళ్ళు వ్యవధి దొరికింది. రేపు చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆ ఏళ్ళన్నీ గడిచిపోయాయి. ఆ తర్వాత ఆయనే లేకుండా పోయాడు.

టీ తాగి వచ్చిన మేస్త్రికి పెట్టెలు పగలగొట్టవద్దని, చుట్టూ టైల్స్ కోసి వేయమని చెప్పాను. గొణుక్కుంటూనే వేశాడు. పాత ఎర్రగచ్చు ఇప్పుడు ఆ రెండు పెట్టెల రూపంలోనే మిగిలింది. ఆంప్లిఫయరు ఎప్పుడో పోయింది, దానికి సామాను దొరకదు, వెతికే ఓపికా నాకు లేదు. సాయంత్రం మేస్త్రి చేతులు కడుక్కుంటుంటే, అలవాటు కొద్దీ, ఎన్ని రోజులు నీళ్ళు పెట్టాలి అని అడిగాను. అతను నవ్వి, "ఇది గమ్ము సార్, నీళ్ళు పెట్టే పనే లేదు, రేపే నడవచ్చు" అన్నాడు. కాలం మారింది, మంచిదే, ఎవరూ దేనికోసమూ ఏడు దినాలు ఆగనక్కర్లేదు. అతను వెళ్ళాక నేను కష్టపడి వంగి ఆ రంధ్రం ఎదుట చెయ్యి పెట్టాను. గాలేమీ రాలేదు. చెప్పాల్సిన మాట అక్కడే చెప్పాను, ఈసారి గొంతు పెంచి.