చేతులకు సెంటు

మొన్న అమీర్‌పేట మెట్రోలో పక్కసీటు అమ్మాయి శానిటైజర్ రాసుకుంది. ఆ ఘాటు వాసనకు నా నాలుగో తరగతి గుర్తొచ్చింది.

ఆ ఏడాది మా సర్కారు బడిలో పాఠాలు చెప్పడానికి విదేశం నుంచి ఎమ్మా అనే అక్క వచ్చింది. పంజాగుట్టలో ఒక ఆంటీ వాళ్లింట్లో ఉండేది. రెండు తరగతుల పిల్లలం ఒకే గదిలో ఇరుక్కుని కూర్చునేవాళ్లం. ఎమ్మక్క మా మధ్యకొచ్చి, చెయ్యి పట్టుకుని ఇంగ్లిష్ అక్షరాలు దిద్దించేది. ఆ తర్వాత చిన్న సీసాలోంచి ఏదో తీసి చేతులకు రాసుకునేది.

"అమ్మా, మమ్మల్ని ముట్టుకున్నంక అక్క చేతులకు సెంటు రాసుకుంటది. మేమంటే మస్తు ఇష్టం ఆమెకు," అన్నాను ఒకరోజు.

అమ్మ అప్పుడే పని నుంచి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కోర్సుల కుర్రాళ్లుండే హాస్టల్లో గిన్నెలు తోమేది. నా గోళ్లు తీసి, బట్టల సబ్బుతో అరచేతులు మండేదాకా రుద్దింది. అది సెంటు కాదని, మా చేతులు మురికనే రాసుకుంటోందని అప్పటికి నాకూ అర్థమైంది.

మర్నాడు ఎమ్మక్క ముందు చేతులు చాపాను. "ఇయ్యాల మంచిగ కడుక్కున్న అక్కా, జర చూడు."

ఆమె ముఖం ఎర్రబడింది. "మా ఇంటి ఆంటీ... పిల్లల్ని ముట్టుకుంటే రాసుకో అన్నారు," అంది వచ్చీరాని తెలుగులో. ఆ సీసా మళ్లీ తేలేదు.

ఆమె వెళ్లిపోయే రోజు తల్లులను కూడా బడికి పిలిచారు. ఎమ్మక్క నవ్వుతూ చెయ్యి చాపితే, అమ్మ తన రెండు చేతులూ కొంగులో చుట్టుకుని దూరం నుంచే తలూపింది. అమ్మకు సిగ్గెక్కువ అనుకున్నాను. సెంటు మాటతో ఆ సిగ్గును ఇంటికి మోసుకొచ్చింది నేనేనని చాలా ఏళ్లదాకా తెలియలేదు.