నాలుగు వేళ్ళ ఎత్తు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నవ్వించే హక్కు ఒక్క తాతకే ఉండేది. ఖానాపూర్‌కు దగ్గర్లోనే మా ఊరు. ఊరి పొలాల్లో సగం మావే. పొద్దు వాలేసరికి తాత వాకిట్లో నులక మంచం వేయించుకుని కూర్చునేవాడు. పది మంది చుట్టూ చేరేవారు. వాళ్ళలోంచి తాత రోజూ ఒకరిని ఎంచుకునేవాడు. నత్తి ఉన్నవాడినో, మెల్లకన్ను ఉన్నవాడినో, ఆ పూట పెళ్ళాంతో గొడవపడి వచ్చినవాడినో. వాళ్ళ మాటను, వాళ్ళ నడకను ఆయన అనుకరించి చూపిస్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. దొరికిపోయినవాడు అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. నవ్వకపోతే మరునాడు కూడా తన వంతే అవుతుందని వాడికి తెలుసు.

నాకు అప్పుడు పదేళ్ళు. తాత పక్కన, అదే మంచం మీద నా చోటు. అక్కడ కూర్చున్నందుకు నేను ఎంత గర్వపడేదాన్నో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది.

తాత అందరికన్నా ఎక్కువసార్లు ఎంచుకున్నది తన చిన్న కొడుకునే. ఆయన మా బాపుకు తమ్ముడు, నాకు కాక. మా తాత ఆరడుగుల మనిషి. మా బాపుకు ఆ ఎత్తే వచ్చింది. కాకకు మాత్రం తన తల్లి, మా బాపమ్మ పోలిక వచ్చింది, ఆమె పొట్టితనమే వచ్చింది. 'బుడ్డోడు' అని తాతే పేరు పెట్టాడు. ఊరివాళ్ళు దానికి మర్యాద కలిపి, ఆయన లేనప్పుడు 'బుడ్డ పటేల్' అనేవారు. కాక వినీ విననట్టు పోయేవాడు. పసుపు చేనులో పని చేయించడంలో, ఎద్దుల జబ్బు కనిపెట్టడంలో ఆయనంత వాడు మా ఇంట్లో లేడు. అది మాత్రం తాత ఎన్నడూ అనలేదు.

ఆ ఏడు తాత ఒక మోటార్ సైకిల్ కొన్నాడు. నల్లటిది, ఎత్తైనది, గేదె లాంటి బరువు. తాతకు నడపడం రాదు. వెనక కూర్చుని ఊళ్ళు తిరగాలని ఆయన కోరిక. ముందు కూర్చుని నడపాల్సింది కాక. సీటు మీద కూర్చుంటే కాకకు బొటనవేళ్ళు కూడా నేలకు ఆనేవి కావు. బండి కదులుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఆపడమే కష్టం. అందుకని ఎక్కడ ఆగవచ్చో కాక ముందే చూసి పెట్టుకున్నాడు. ఇంటి దగ్గర అరుగు, ఊరి చివర కల్వర్టు గోడ, ఖానాపూర్‌లో ఎరువుల దుకాణం ముందున్న మెట్టు. వాటి మీద కాలు పెట్టి ఆగేవాడు. మధ్యలో పశువులు అడ్డం వస్తే, వెనక కూర్చున్న తాత తన పొడుగాటి కాళ్ళు రెండూ కింద ఆనించి బండిని నిలబెట్టేవాడు. సాయంత్రం వాకిట్లో అదే కథ. "నేను కాళ్ళు వెట్టకుంటే మా బుడ్డోడు ఖానాపూర్ గాదు, కాశి దాక ఆగకుండ పోతుండె" అనేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని.

ఒకరోజు కాక నన్ను బండి మీద ఖానాపూర్ తీసుకువెళ్ళాడు. పలకా బలపాలూ కొనిస్తానని ఇంట్లో చెప్పాడు. కొనిచ్చాడు కూడా. తర్వాత బస్టాండు వెనక బండ్లు బాగుచేసే ఒక మిస్త్రీ షెడ్డుకు పోయాం. ఆ మిస్త్రీ తెల్ల గడ్డం ముసలాయన. ఏం కావాలని అడిగాడు. కాక నేల చూస్తూ, "కాలు ఆనుతలేదు చాచా" అన్నాడు.

ఆ ముసలాయన నవ్వలేదు. నాకు అది వింతగా అనిపించింది. కాకను బండి మీద కూర్చోమని, తాను వెనక నుంచి బండిని పట్టుకుని, పనివాడితో ఒక దారం తెప్పించాడు. కాక మడమ నుంచి నేల దాకా కొలిచాడు. దారాన్ని తన చేతి మీద పెట్టి చూసి, "నాలుగు వేళ్ళు. గింతే గద. ఫికర్ చెయ్యకు పటేల్, మనిషిని గుంజి పొడుగు చెయ్యలేం గని బండిని దించొచ్చు" అన్నాడు.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. సీటు విప్పి లోపలి స్పంజిని రెండు వేళ్ళ మందం కోశాడు. వెనక షాకప్సర్లు తీసేసి, వేరే బండివి పొట్టివి బిగించాడు. వెనక దించి ముందు వదిలేస్తే బండి మలుపు తిరగదని, ముందు గొట్టాలను కూడా వాటి పట్టీల్లోంచి పైకి జరిపాడు. అంతా అయ్యాక సైడ్ స్టాండును కొంచెం కోసి మళ్ళీ అతికించాడు. అది ఎందుకని నేను అడిగాను. "బండి దిగినంక స్టాండు గూడ దిగాలె బిడ్డా. లేకుంటే నిటారుగ నిలవడి, గాలొస్తే పడ్తది" అన్నాడు.

కాక బండి ఎక్కి రెండు కాళ్ళూ కిందపెట్టాడు. రెండు పాదాలూ నేలకు ఆనాయి. కాళ్ళు ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. ఆయన మొహం అలా విప్పారడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. తిరిగి వస్తూ దారిలో ఏ గోడా, ఏ మెట్టూ లేని చోట ఊరికే ఆపేవాడు. నడిరోడ్డు మీద ఆపి, "చూసినవా బిడ్డా, ఆగిన" అనేవాడు. మళ్ళీ కొంత దూరం పోయి మళ్ళీ ఆపేవాడు. ఊరు దగ్గర పడ్డాక మాత్రం బండి దిగి, నన్నూ దించి, నా ముందు నేల మీద కూర్చున్నాడు. "తాతకు చెప్పకు బిడ్డా. నీకు దండం వెడ్త. నవ్వుతడు" అన్నాడు. చెప్పనని ఒట్టు వేశాను.

పది పన్నెండు రోజులు ఆగాను. ఈలోగా తాతకు ఏదో అనుమానం వచ్చింది. వెనక కూర్చుంటే మోకాళ్ళు ముడుచుకుంటున్నాయి. కాక ఎక్కడపడితే అక్కడ ఆపుతున్నాడు. ఒక సాయంత్రం వాకిట్లో జనం ముందు తాత నన్ను దగ్గరికి తీసుకుని, "నా మన్మరాలికి అన్ని ఎరుకే. చెప్పదు గని" అన్నాడు. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు, ఏమీ ఇస్తామనలేదు. అందరూ నావైపు చూశారు, అంతే. నేను లేచి నిలబడి చెప్పేశాను. ఊరికే చెప్పలేదు. తాత చేసినట్టే చేసి చూపించాను. కాక నేల చూస్తూ కాలు ఆనడం లేదని గొణగడం, మిస్త్రీ దారం పట్టుకుని కొలవడం, కాక కాళ్ళు ఎత్తి దించి మురిసిపోవడం. వాకిలంతా నవ్వులు. తాతకు నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు వచ్చాయి. "నా పోలికే" అని నన్ను ఎత్తుకున్నాడు. కాక అప్పుడు చేను దగ్గర ఉన్నాడు.

ఆ నవ్వులు ఆగాక తాత అందరికీ చెప్పాడు, కాక ముందు ఎవరూ నోరు విప్పవద్దని. నాతో విడిగా, "దసరానాడు తమాషా చూపిస్త, చూడు" అన్నాడు.

దసరాకు రెండు రోజుల ముందు కాకను విత్తనాల పని మీద ఆదిలాబాద్ పంపాడు, బస్సులో. ఆ వెంటనే నిర్మల్ నుంచి వేరే మిస్త్రీ వచ్చాడు. పొట్టి షాకప్సర్లు తీసి ఎత్తువి పెట్టాడు, ముందు గొట్టాలు కిందికి దించాడు. సీటులో స్పంజి నింపి, తాత చెప్పాడని దాని మీద కొబ్బరి పీచు మరో మడత కూరి, కొత్త కవర్ వేశాడు. బండి మునుపటి కన్నా ఎత్తయింది. నేను అరుగు మీద కూర్చుని జామకాయ తింటూ అంతా చూశాను.

దసరానాడు సాయంత్రం కాక వచ్చేసరికి బండి కడిగి, బంతిపూల దండలతో కప్పేసి, అరుగు పక్కనే పెద్ద స్టాండు మీద పెట్టి ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. జమ్మి ఇచ్చి తాత కాళ్ళు మొక్కడానికి ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. కాక కొత్త బట్టలు కట్టుకున్నాడు. తాత ఆ రోజు ఆయనతో ఎంతో ప్రేమగా మాట్లాడాడు. "చిన్నోడా, అరుగు మీదికెల్లి ఎక్కు, అంగి ఖరాబైతది. ఊరు సుట్టు ఒక్కటి తిరిగి రా. మధ్యల ఆపకు, అపశకునం. ఇగో, గీడ నా ముందట ఆపు" అని తాను నిలబడ్డ చోటు చూపించాడు. అది వాకిలి నట్టనడుమ. పట్టుకోవడానికి అక్కడ గోడ లేదు, మెట్టు లేదు.

కాక అరుగు మీది నుంచి ఎక్కాడు. ఇద్దరు మనుషులు బండిని స్టాండు మీది నుంచి దించారు. నిమ్మకాయలు చిట్లాయి. అందరూ ఈలలు వేశారు. బండి చప్పుడు ఊరి చుట్టూ తిరిగి మళ్ళీ దగ్గరవుతుంటే జనం ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వు ఆపుకుంటున్నారు. కాక వాకిట్లోకి వచ్చాడు. తాత ముందు ఆపాడు. ఆ పదిహేను రోజుల్లో అలవాటైనట్టే, ధీమాగా, కుడికాలు కిందపెట్టాడు.

అక్కడ నేల లేదు.

బండి మెల్లగా ఒరిగింది. అంత బరువు ఒరిగితే ఆపడం ఎవరి తరమూ కాదు. కాక కాలు దాని కింద పడింది. ఎండు కట్టె విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ముందు తాత నవ్వాడు, తర్వాత జనం. నేను చప్పట్లు కొట్టాను. ఎగిరెగిరి కొట్టాను.

కాక అరవలేదు. బంతిపూల మధ్యలోంచి తల ఎత్తి, అంతమందిలో నన్ను వెతికి పట్టుకుని, "నువ్వు చెప్పినవా బిడ్డా?" అన్నాడు.

బాపమ్మ వంటింట్లోంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. బండి హ్యాండిలు పట్టుకుని లేపబోయింది. ఆమె ఎత్తు ఎంత, బలం ఎంత? బండి జానెడు లేచి మళ్ళీ కాక కాలి మీదే పడింది. అప్పుడు కాక అరిచాడు. జనం నవ్వు ఆగింది. ఇద్దరు ముగ్గురు ఒక అడుగు ముందుకు వేసి తాత మొహం చూశారు. తాత, "ఉండున్రి. బుడ్డోనికి బుడ్డిదే జోడు, లేపనియ్యున్రి" అన్నాడు. వాళ్ళు ఆగిపోయారు. మా బాపు తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. తాత చెయ్యి నా భుజం మీద ఉంది. నేను చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను, ఆ చెయ్యి ఉండబట్టే కదలలేకపోయానని. అది అబద్ధం. ఆ చెయ్యిలో బరువే లేదు.

బాపమ్మ మూడోసారికి కూడా లేపలేకపోయింది. కొడుకు పక్కన మట్టిలో కూలబడి, తాత వైపు తిరిగి, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. ఇంకేమీ అనలేదు. ఉత్త పేరు. అప్పుడు తాత చేత్తో సైగ చేశాడు. నలుగురు వచ్చి బండి లేపారు.

కాక చీలమండ విరిగింది. సైలెన్సర్ ఆనిన చోట పిక్క కాలింది. కట్టు కట్టించారు గానీ ఎముక వంకరగానే అతుక్కుంది. "తమాషాకు చేస్తి, గింత లొల్లా?" అని తాత విసుక్కున్నాడు. అంతకు మించి ఆయనకు ఏమీ కాలేదు. వాకిట్లో మంచం, చుట్టూ జనం, అన్నీ అలాగే సాగాయి. చాలా ఏళ్ళు బతికి, ఊరంతా వెంట నడవగా వెళ్ళిపోయాడు. కాక మాత్రం కుంటుతూ నడవడం వచ్చాక ఒక సంచి పట్టుకుని బెల్లంపల్లి పోయాడు. బొగ్గు బాయి మీద, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలు ఇచ్చి పుచ్చుకునే గదిలో పని దొరికింది. మళ్ళీ ఇంటికి రాలేదు.

నాకు నస్పూర్ సంబంధం కుదిరింది. బెల్లంపల్లి దగ్గరే. పెళ్ళైన ఏడాదికి వెతుక్కుంటూ ఆయన క్వార్టర్‌కు వెళ్ళాను. తలుపు తీసి నన్ను గుర్తుపట్టాడు. "రాండ్రి, కూసోండ్రి" అన్నాడు.

"కాకా, నన్ను 'మీరు' అంటవేంది?" అన్నాను.

"పెద్దపటేల్ మన్మరాలు గద" అన్నాడు. కోపంగా కాదు. చాయ తానే పెట్టి ఇచ్చాడు. చేసింది తప్పేనని, చిన్నదాన్నని, ఏడుస్తూ ఏవేవో చెప్పాను. ఆయన అంతా విన్నాడు. చివరికి, "బండి ఎక్కంగనే ఎత్తనిపించింది. సీటు కవర్ కొత్తది, గందుకే కావచ్చనుకున్న. ఎవలో మార్చిన్రని ఎట్ల అనుకుంట? సంగతి మిస్త్రీకి, నాకు, మీకు తప్ప ఎవలకు ఎరుక?" అన్నాడు. తర్వాత ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఏటా వెళ్ళేదాన్ని. పండ్లు పట్టుకెళ్తే తీసుకునేవాడు. నా పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బిడ్డా, కొడుకా అని పిలిచేవాడు. నన్ను మాత్రం 'మీరు' అనే అనేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో నేనే దగ్గరున్నాను. నీళ్ళు తాగిస్తే, "మీకు తకలీఫ్ అయితుంది" అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. బహుశా క్షమించే ఉంటాడు. మళ్ళీ నమ్మలేదు, అంతే.

మొన్న మా మనవరాలు తన ఫోన్ నా మొహం ముందు పెట్టి, "అమ్మమ్మా, గిది చూడు, మస్తు నవ్వొస్తది" అంది. ఎవరో ఒకామె స్కూటీ ఆపబోయి ఒరిగి పడిపోతోంది. వీడియో తీస్తున్నవాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. "తర్వాత ఎవరన్నా లేపిన్రా ఆమెను?" అని అడిగాను.

"గంతవరకే ఉన్నది అమ్మమ్మా."

ఇంట్లో నాకు నవ్వడం రాదని పేరు. పెళ్ళిళ్ళలో ఎవరి మీదైనా హాస్యాలు మొదలైతే నేను లేచి వెళ్ళిపోతానని అందరూ విసుక్కుంటారు. వాళ్ళు అనుకునేది నిజం కాదు. నవ్వు నాకూ వస్తుంది, తాత మనవరాలిని కదా, అందరికన్నా ముందే వస్తుంది. అది గొంతు దాకా రాగానే నా రెండు చేతులూ వాటంతటవే చీర కుచ్చిళ్ళను గట్టిగా పట్టుకుంటాయి, చప్పట్లు కొట్టకుండా.