సీసాలో మిగిలిన సిమెంటు

వారిజక్కకు వానంటే పగ. మూడబిద్రెలో హెబ్బార్ డాక్టరు పళ్ళ ఆసుపత్రిలో పాతికేళ్ళుగా సిమెంటు కలిపే చెయ్యి ఆమెది. తుళునాట నడివానల ఆటి నెల వచ్చిందంటే ఆ ఊళ్ళో ఉప్పు నీరైపోతుంది, అగ్గిపుల్ల వెలగదు, బీరువాలో పట్టుచీరకు బూజు పడుతుంది. పంటి సిమెంటును మాత్రం వాన వదిలిపెడుతుందా?

ఆ నెలలోనే వచ్చాడు మోనప్ప దేవాడిగ. ఆటిలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి వాయిద్యగాళ్ళకు ఒళ్ళు బాగుచేయించుకునే తీరిక అప్పుడే. మోనప్ప గుళ్ళలో, పెళ్ళిళ్ళలో సాక్సఫోన్ వాయిస్తాడు. దాన్ని పై ముందుపళ్ళకు ఆనించి ఊదాలి. సరిగ్గా ఆ ముందుపంటికే వేరు కొసన చీము పట్టింది. నరం తీసి మూసినా తగ్గలేదు. ఇక పంటి చిగురు కోసి, వేరు కొస నరికి, అక్కడ చిన్న గుంట చేసి సిమెంటుతో బిగించాలి. ఆ బిగింపు నిలిస్తే పోయిన ఎముక మళ్ళీ పెరుగుతుంది. నిలవకపోతే పన్ను ఊడుతుంది, దాంతోపాటే అతని బతుకుతెరువూ పోతుంది.

"కట్టుడుపన్నుతో ఊదితే పెళ్ళికూతురు కూడా నవ్వుతుందక్కా," అన్నాడు కుర్చీ ఎక్కుతూ. అన్నాడే గానీ నాలుకతో ఆ పంటినే తడుముకుంటున్నాడు.

మత్తు పెదవికే ఇస్తారు, చెవులకు కాదు గదా. మనిషి మెలకువగానే ఉన్నాడు. డాక్టరు వేరు కొస నరికి, గుంట చేసి, రక్తం ఆగడానికి దూది అదిమి, "వారిజక్కా, కలపండి," అన్నాడు.

ఒక పొట్లం పొడి మూడు నాలుగు పళ్ళకు వస్తుంది. మిగిలింది చిన్న సీసాలో పోసి మూత బిగించి దాచడం ఆమె పెట్టిన పద్ధతే. మూత మీద చెయ్యి వేసిందో లేదో, అది బిగువన్నదే లేకుండా తిరిగింది. సోమవారం కరెంటు పోయిన గడబిడలో సీసాను అలమరలో పెట్టింది తనే. మూత బిగించిందా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. పొడిని గాజుపలక మీద పోసి నీటిచుక్క వేసింది. తడి ఇసుకలా ముద్ద కట్టాల్సింది పలుకులు పలుకులుగా విడిపోయింది. ఇంకో చుక్క వేసినా అంతే.

రోగి కుర్చీలో ఉండగా చెడుమాట నోటితో చెప్పకూడదు, కళ్ళతోనే చెప్పాలి. అది ఆ ఆసుపత్రి ఆచారం. ఆచారం బాగానే ఉంది, చూసేవాడుంటేగా! డాక్టరు కళ్ళకు భూతద్దాలు తగిలించుకుని ఆ గుంటలోకే తల దూర్చి ఉన్నాడు.

"అక్కా, తొందరగా."

ఇచ్చేస్తే సరి. ఎక్స్‌రేలో తెల్లగానే కనిపిస్తుంది. ఏడాది తరవాత పన్ను ఊగితే ఖర్మ అనుకుంటారు, వారిజక్క పేరెత్తేవాడెవడు? చెప్పిందా, పాతికేళ్ళ పరువు ఈ కుర్చీ ముందే మంట కలుస్తుంది. ఆమె గాజుపలకను పక్కకు నెట్టింది.

"ఇది పనికిరాదు డాక్టరుగారూ. నేను మూత సరిగ్గా పెట్టలేదు. పొడికి చెమ్మ తగిలింది."

మోనప్ప వేళ్ళు కుర్చీ చేతిని బిగించి పట్టుకున్నాయి. డాక్టరు తల ఎత్తలేదు.

"ఇంకో పొట్లం?"

"లేదు. లవంగనూనెతో కలిపే పాత సిమెంటుంది. కొత్త డబ్బా, ఇంకా విప్పలేదు."

"దానికి తడి అసలు పనికిరాదు. రక్తం మళ్ళీ ఊరేలోపు కావాలి."

"రెండు నిమిషాలు."

పొడి వేస్తూ, మెదుపుతూ, గట్టి ముద్ద చేసి, సన్నని వత్తిలా నలిపి అందించింది. డాక్టరు దాన్ని గుంటలో కూరి అదిమాడు. తరవాత ఎక్స్‌రే చూసుకుని కుట్లు వేశాడు.

"నా పన్ను నిలుస్తుందా?" మొద్దుబారిన పెదవితో అడిగాడు మోనప్ప.

"ఇదీ మంచి సిమెంటే. కానీ ఆరు నెలలు ఆగి చూస్తే గానీ చెప్పలేను."

మోనప్ప వారిజక్క వైపు తిరిగాడు. ఇక శాపనార్థాలే అనుకుని ఆమె తల వంచుకుంది.

"అక్కా, ఆ సీసాలోది నాకంటే ముందు ఎవరికైనా పెట్టారా?"

వారిజక్క వంచిన తల ఎత్తింది. బుధవారం. ఆ సీసాలోంచే కలిపింది, బెనెడిక్టా టీచరు పంటికి.

"ఆ రోజు బాగానే కలిసిందిగా?" అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి.

"కలిసిందనే అనుకున్నాను సార్. పరీక్షగా చూడలేదు, మూత వదులుగా ఉందేమో కూడా గమనించలేదు."

ఆ మాట అంటూనే ఆమె ఫోను తీసి టీచరు నంబరు నొక్కింది.

"వారిజక్కా, మీరేనా!" అవతల టీచరు గొంతు సంతోషంతో గలగలలాడింది. "నొప్పి మాయమైపోయిందండీ. రెండేళ్ళ తరవాత రాత్రి హాయిగా నిద్రపోయాను. మీ చేతికి దండం పెట్టాలి!"

"టీచరమ్మా," అంది వారిజక్క, "కాస్త కూర్చోండి. మీకు ఒక మాట చెప్పాలి."